పసుపు గుడ్డలో సాకే గిన్నెలు

మా అపార్ట్‌మెంట్‌లో రెండు పడగ్గదులున్నాయి. ఒకదాంట్లో మా ఆయన, నేను, పాప పడుకుంటాం. రెండోది గిన్నెల గది.

అద్దెలు మండిపోయే ఈ సన్నీవేల్‌లో ఒక గదిని మనుషులకి కాకుండా వదిలెయ్యడమంటే ఏమిటో ఇక్కడ అద్దెకుండే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా పక్క బ్లాక్‌లో ఇద్దరు పిల్లలున్న కుటుంబం ఒకే పడగ్గదిలో సర్దుకుంటోంది. మా ఇంట్లో మాత్రం జపాన్ నుంచి వచ్చిన మట్టిగిన్నెలకి ఒక గది, ఆ గదికి ఎండ సోకని కర్టెన్లు, గాలిలో తేమ ఎంతుందో చూపించే ఒక మీటరు ఉన్నాయి. పాపకి జలుబు చేసి ముక్కు దిబ్బడేసినప్పుడు ఆ మీటరుని ఒక్క రాత్రికి మా గదిలో పెట్టమన్నాను. "రీడింగ్ డిస్టర్బ్ అవుతుంది" అన్నాడు మా ఆయన. పాప నిద్ర సంగతి ఎత్తలేదు.

అవి సాకే తాగే గిన్నెలు. సాకే అంటే బియ్యం పులియబెట్టి చేసే జపాన్ మద్యం. ఒక్కో గిన్నె గుప్పెట్లో ఇమిడేంత ఉంటుంది. వాటితోపాటు సాకే వంచుకోవడానికి సన్నటి మెడ, గుండ్రటి పొట్ట ఉన్న మట్టి సీసాలు కూడా ఉంటాయి. అన్నీ పేరు మోసిన కుమ్మరులు చేత్తో చేసి, కట్టెల ఆవంలో రోజుల తరబడి కాల్చినవి. ఒక్కోదానికీ ఒక్కో చెక్కపెట్టె. పెట్టె మూత మీద కుమ్మరి కుంచెతో రాసిన సంతకం. లోపల గిన్నెకి చుట్టి ఒక పసుపు గుడ్డ. పూర్వం ఆ గుడ్డకి నిజంగా పసుపే అద్దేవారట, పురుగు పట్టకుండా. మొదటిసారి చూసినప్పుడు నాకు మొక్కుకుని కట్టే ముడుపు గుర్తొచ్చింది. కాకపోతే ముడుపు కట్టినవాళ్లకి ఏదో ఒక కోరిక ఉంటుంది, అది తీరాక ముడి విప్పుతారు. మా ఆయన ముడుపులకి కోరికంటూ ఏమీ లేదు. ఎప్పుడైనా ముడి విప్పినా, ఫొటో తీసి మళ్లీ కట్టెయ్యడానికే.

ఏ గిన్నె చేసినవాడు ఎవరి కొడుకో, వాళ్ల తాత ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో మా ఆయన కళ్లు మూసుకుని చెప్పగలడు. పాపని చూసే డాక్టర్ పేరడిగితే ఫోన్ తీసి వెతుకుతాడు.

ఈ పిచ్చి ఆయనకి సొంతంగా పుట్టింది కాదు, అంటించుకున్నది. ఆఫీసు పని మీద టోక్యో వెళ్లినప్పుడు పై హోదాలో ఉన్న ఒక పెద్దమనిషి వెంటపెట్టుకుని తిప్పాడు. యాభై దాటిన మనిషి, వరంగల్ వైపు ఆయన, ఈ దేశం వచ్చి చాలా ఏళ్లయింది. అందరూ ఆయన్ని అన్న అంటారు. అన్నకి ముందు గడియారాల సరదా ఉండేది, తర్వాత స్కాచ్ విస్కీ, తర్వాత కారు ఖరీదు చేసే సైకిళ్లు. ప్రతి సరదాకీ ఒక వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపుకి ఆయనే అన్న. ప్రస్తుతం సాకే గిన్నెల గ్రూపు నడుస్తోంది. అందులో ఉన్నవాళ్లందరూ తెలుగు ఇంజనీర్లే. అందులో ఒక్కడికి కూడా సాకే రుచి నచ్చదని నేను ఒట్టేసి చెప్పగలను.

నెలకోసారి శనివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తారు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు నేను చూశాను. ముందు అందరూ ఉంగరాలు, గడియారాలు తీసి ఒక పళ్లెంలో పెడతారు, గిన్నెకి గీత పడకూడదని. తర్వాత నేల మీద కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు గిన్నెని రెండు చేతులతో పట్టుకుని, తిప్పి, తలకిందులు చేసి అడుగు చూస్తారు. అడుగు చూడటానికి ఒక్కొక్కరికి పట్టే టైములో నేను పాపకి స్నానం చేయించి బట్టలు తొడగ్గలను. అప్పుడు అందులో సాకే పోసుకుని, ఒక గుక్క తాగి, కషాయం తాగిన పిల్లల్లా మొహం పెట్టి "స్మూత్" అంటారు. నంజుకోవడానికి మిరపకాయ బజ్జీలు నన్ను వెయ్యమంటారు. బజ్జీ నూనె చేతికంటితే గిన్నె పాడవుతుందని వాటిని పుల్లలతో గుచ్చి తింటారు. మిరపకాయ బజ్జీని పుల్లతో గుచ్చి తినే తెలుగువాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ఆ మాటలు. "గిన్నెని యూజ్ చెయ్యాలి, యూజ్ చేస్తేనే దానికి లైఫ్" అంటాడు అన్న. కుమ్మరి సగమే చేస్తాడట, మిగతా సగం తాగేవాడు చేస్తాడట. హాగి అనే ఊరి గిన్నెలకి పైపూత మీద సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లుంటాయి. మనం పోసుకునేది ఏళ్ల తరబడి ఆ పగుళ్లలోకి ఇంకి గిన్నె రంగు మారుతుంది. ఆ మరకని వాళ్లు మరక అనరు. దృశ్యం అంటారు. అందులో వాళ్లకి కొండలు, మబ్బులు, మంచు కనిపిస్తాయి. గిన్నె అంచు వంకర పోయిందంటే అందులో మనిషి చెయ్యి కనిపిస్తోందని పరవశించిపోతారు. నేను పోసిన దోసె వంకర పోతే మా ఆయనకి ఏ చెయ్యీ కనిపించదు, "పెనం సరిగ్గా కాలలేదా?" అని అడుగుతాడు.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకునేదాన్నే. నాకు నవ్వే ఓపిక లేని రోజులు అవి. పాప పాలు తాగడం మానేసింది.

దానికి ఏడాది నిండాక నేను మళ్లీ పనిలో చేరాను. ఇంటి నుంచే పని, అయినా మీటింగుల మధ్య పాలివ్వడం కుదరక మాన్పించాను. మాన్పించిన దగ్గర్నుంచి అది ఏ పాలూ ముట్టలేదు. పాలే కాదు, నీళ్లు కూడా అంతే. చెంచాతో పెడితే సగం ఒలకబోసి, సగం ఏడుస్తూ మింగేది. డాక్టర్ కంప్యూటర్ తెర నా వైపు తిప్పి పాప బరువు గీత చూపించింది. పైకెక్కాల్సిన గీత పక్కకి సాగి, తర్వాత కొంచెం కిందికి వంగింది. "దీన్ని చూసి కంగారు పడకండి" అంది ఆవిడ. కంగారు పడొద్దని చెప్పడానికి తెర తిప్పడం ఎందుకో నాకర్థం కాలేదు. తిండి అలవాటు చేయించే థెరపిస్ట్ దగ్గరికి రాసిచ్చింది. అపాయింట్‌మెంట్ రావడానికి నెలలు పడుతుందన్నారు.

నేను కప్పులు కొన్నాను. స్ట్రా ఉన్నవి, ముక్కు ఉన్నవి, కింద పడినా ఒలకనివి, ఏనుగు బొమ్మవి, అడుగున బరువుండి వాటంతట అవే లేచి నిలబడేవి. వంటింటి అర నిండిపోయింది. పాప ఒక్కో కప్పునీ అందుకుని, ఒకసారి కొరికి, నేల మీదికి విసిరేసేది. స్టీలు గ్లాసు పెదవికి తగలగానే మొహం తిప్పేసుకునేది. డైపర్ మార్చినప్పుడల్లా అది ఎంత తడిసిందో చూడటం నాకు అలవాటైపోయింది. పొద్దున్నే లేవగానే ముందు చూసేది అదే. మా ఆయనతో చెబితే "ఆకలేస్తే తాగుతుందిలే, ఓవర్‌థింక్ చెయ్యకు" అనేవాడు. తేమ మీటరు రీడింగ్ ఒక అంకె మారితే మధ్యలో భోజనం వదిలి లేచే మనిషి.

మా ఇంట్లో గ్రూపు కలిసిన మర్నాడు, ఆదివారం పొద్దున. మా ఆయన నిద్ర లేవలేదు. కడిగిన గిన్నెలన్నీ కింద చిన్న బల్ల మీద తువ్వాలు పరిచి ఆరబెట్టి ఉన్నాయి. మట్టి లోపలి తడి కూడా ఆరాలని రోజంతా అలాగే ఉంచాలి, పెట్టెలో పెట్టకూడదు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి పాప ఒక గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.  పగిలితే కాలికి గుచ్చుకుంటుందని భయం ఒకటి, అది హాగి గిన్నె కాబట్టి మా ఆయన మొహం చూడాల్సొస్తుందని ఇంకొకటి. పాప మాత్రం ఖాళీ గిన్నెని నోటికి ఆనించుకుని, తల వెనక్కి వంచి, తాగుతున్నట్టు గుటకలు వేసింది. తర్వాత నాకందించి "ఇంక" అంది.

అచ్చం మన ఉగ్గుగిన్నె అంతే ఉంది. నేను కాచి చల్లార్చిన పాలు అందులో రెండు చెంచాలు పోశాను. తాగింది. మళ్లీ పోశాను. మళ్లీ తాగింది. కింద చతికిలబడి, వొళ్లో పాపని పెట్టుకుని, పాలు పోస్తూనే ఉన్నాను. ఏడుపొస్తోంది, కానీ చెయ్యి కదిలితే అది ఎక్కడ ఆపేస్తుందోనని ఏడవలేదు.

ఆ తర్వాత భయం మొదలైంది. పైపూతలో సీసం ఉంటే? మా ఆయన లేవకముందే హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి, రుద్దితే సీసం ఉన్నచోట ఎర్రగా మారే పుల్లలు తెచ్చాను. గిన్నె లోపలా, అంచు మీదా రుద్దాను. రంగు మారలేదు. అయినా నమ్మకం కుదరక ఆ గిన్నె అమ్మిన జపాన్ షాపుకి ఈమెయిల్ రాశాను. పూతలో సీసం లేదని, కట్టెల బూడిద కలిపి చేసిన పూత అని మర్నాడే జవాబిచ్చారు. పాలు కాచుకునే గిన్నెలో నీళ్లు పోసి, ఈ గిన్నెని అందులో వేసి, సన్న సెగ మీద మరిగించాను. అప్పుడు చేతిలోకి తీసుకుని సరిగ్గా చూశాను. అంచు ఒకచోట కొంచెం లోపలికి నొక్కినట్టుంది, పాప కింది పెదవి సరిగ్గా అక్కడ కూర్చుంటుంది. పళ్లకి తగిలితే టక్కుమనదు. పాల వేడి బయటికి మెల్లగా వస్తుంది తప్ప చురుక్కుమనదు. చేసినవాడికి తాగడమంటే ఏమిటో తెలుసు. ఆ కుమ్మరి మీద నాకే కోపమూ లేదు. ఆయన నోటికోసం చేస్తే వీళ్లు కళ్లకోసం కొన్నారు, అంతే.

మా ఆయన చూసింది రెండు రోజుల తర్వాత. ఆఫీసు షటిల్ దిగి ఇంట్లోకి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నిలబడిపోయాడు.

"అది... అది హాగి కదా?"

"అవును."

"పాలు పోశావా అందులో? ఆర్ యూ సీరియస్? పాలు మట్టిలోకి ఇంకితే వాసనొస్తుంది. ఇంక పోదు!"

"రోజూ మరిగిస్తున్నాను. వాసనేం రావట్లేదు."

"మరిగిస్తున్నావా!"

పాప తాగి, మూతి మీద పాల మీసంతో ఆయన్ని చూసి నవ్వింది.

"గిన్నెని వాడాలన్నారుగా. వాడితేనే దానికి ప్రాణమన్నారుగా. ఇదిగో, వాడుతోంది నీ కూతురు."

"యూజ్ చెయ్యడమంటే ఇలా కాదు."

"ఇంకెలా? పుల్లలతో బజ్జీలు తింటూనా?"

ఆయన ఆ శనివారం ఒక చవక జపాన్ సామాన్ల షాపుకి వెళ్లి, అదే సైజులో, అదే రంగులో, మిషను మీద చేసిన గిన్నె తెచ్చాడు. దూరం నుంచి చూస్తే నాకే తేడా తెలియలేదు. పాప అందుకుని, ఒకసారి నాలుక ఆనించి, సోఫా కిందికి విసిరేసింది. రెండోసారి కూడా అంతే. "మీ గ్రూపులో అందరికన్నా దీనికే మంచి కన్నుంది" అని నేనంటే ఆయన నవ్వలేదు. థెరపిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చేదాకా సరే అన్నాడు. పెట్టెని మాత్రం గిన్నెల గదిలో దాని చోటులోనే ఖాళీగా ఉంచాడు, ప్రయాణం మీద వెళ్లిన మనిషి పక్కలాగా.

తర్వాతి పరీక్షకి పాప బరువు గీత పైకి లేచింది. డాక్టర్ "ఏం మార్చారు?" అని అడిగింది. "కప్పు" అన్నాను. అర్థమైనట్టు తలూపింది.

ఎండాకాలం గడిచి చలి మొదలయ్యేసరికి గిన్నె రంగు మారింది. తెల్లటి పూత మీది పగుళ్లు లేత గోధుమరంగుకి తిరిగాయి, అడుగు దగ్గర తేనెరంగు మచ్చ ఒకటి పాకింది. పాలూ, అప్పుడప్పుడూ రాగిజావా, జ్వరమొచ్చినప్పుడు మిరియాల చారూ, అన్నీ అందులోనే పోశాను మరి. అంచు దగ్గర పాప పళ్ల గాటు కూడా ఒకటి పడింది. థెరపిస్ట్ అపాయింట్‌మెంట్ మాత్రం ఇంకా రాలేదు.

అప్పుడు మళ్లీ మా ఇంటి వంతు వచ్చింది. ఆ సాయంత్రం నేను గిన్నె కడిగి వంటింటి గట్టు మీద బోర్లించాను. అన్న మంచినీళ్ల కోసం లోపలికొచ్చి, అక్కడే ఆగిపోయాడు. ఉంగరం ముందే తీసేశాడు కాబట్టి నేరుగా చేతిలోకి తీసుకున్నాడు.

"ఓరి నాయనో! ఇదేంది రా ఇది?"

మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"నా కళ్ల ముందు కొన్న గిన్నె కదరా ఇది. తెల్లగా పాలిపోయి ఉండె. గిట్ల ఎట్లయింది? ఈ కలర్ చూడు. గీ కార్నర్‌ల మబ్బులు చూడు!"

హాల్లోంచి మిగతావాళ్లు వచ్చి చుట్టూ మూగారు. ఒకతను ఫోన్ టార్చ్ వేశాడు. పాప పళ్ల గాటు మీద వెలుగు పడింది. "ఇది ఆవంలో పడ్డ చిప్ అన్నా, ఒరిజినల్" అన్నాడు అతను. నేను బజ్జీలు తిప్పుతూ పెదవి కొరుక్కున్నాను.

"నా దాంట్ల మూడేళ్ల సంది పోస్తున్న. గింత కూడ మారలె" అన్నాడు అన్న. "ఏం సాకే పోస్తున్నవ్ రా దీంట్ల? సీక్రెట్ చెప్పు."

మా ఆయన నా వైపు చూడలేదు. "నిగోరి అన్నా" అన్నాడు. నిగోరి అంటే వడకట్టని సాకే, తెల్లగా, చిక్కగా, పాలలాగే ఉంటుంది. అబద్ధాన్ని కూడా నిజం పక్కనే వెతుక్కున్నాడు.

"డైలీ?"

"డైలీ అన్నా."

"మా తమ్ముడు మన కన్న సీరియస్ ఉన్నడు! మనం వీకెండ్ భక్తులం."

అందరూ నవ్వారు. అన్న గిన్నెని కింద పెట్టలేదు. హాల్లోకి తీసుకెళ్లి, వొళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక అన్నాడు, "నాకియ్యి దీన్ని. నా బిజెన్ బాటిల్ తీస్కో."

ఆ సీసా గురించి నాకు తెలుసు. బిజెన్ అనే ఊళ్లో పూత లేకుండా కాల్చిన ఎర్రమట్టి సీసా, చేసినాయన ఇప్పుడు లేడు. మా ఆయన ఫోన్ వాల్‌పేపర్ అదే. పాప ఫొటో తీసేసి పెట్టుకున్నాడు.

నేను బజ్జీల పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. మా ఆయన ఒప్పుకోడనే అనుకున్నాను. ఎంత పిచ్చి ఉన్నా, పాప దేంట్లో తాగుతోందో రోజూ చూస్తున్న మనిషి. తలెత్తి నన్ను చూశాడు, తల దించుకున్నాడు. "ష్యూర్ అన్నా" అన్నాడు.

"అది పాప పాలగిన్నె అన్నయ్యగారూ" అన్నాను. "నిగోరీ లేదు, ఏమీ లేదు. రోజూ మూడుపూటలా పాలు తాగుతుంది అందులో. ఆ గాటు కూడా దాని పళ్లదే."

 అన్న పెద్దగా నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చెల్లెమ్మకి ఇయ్యబుద్ధి అయితలేదు! పాలట! ఏం జోక్ ఏసినవమ్మా!"

"మీ పాపకి మంచి టేస్ట్ ఉందండీ" అన్నాడు టార్చ్ వేసినతను.

అందరూ నవ్వుతున్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు. పెళ్లయిన ఈ ఆరేళ్లలో ఆయన మీద కోపం వచ్చింది, విసుగొచ్చింది. చిన్నచూపు కలగడం అదే మొదటిసారి. అది కోపంలా వేడిగా ఉండదు. చాలా తీరిగ్గా, చల్లగా ఉంటుంది. అప్పుడు మనిషి మొహం బాగా స్పష్టంగా కనిపిస్తుంది.

గిన్నె, దాని చెక్కపెట్టె, పసుపు గుడ్డ, అన్నీ అన్న కారెక్కి వెళ్లిపోయాయి. ఆయన కారులోనే ఉన్న సీసా మా ఇంటికొచ్చింది. ఇంటి నుంచే తెచ్చుకున్నాడన్నమాట, ఎవరో ఒకరి దగ్గర ఏదో ఒకటి లాగాలని.

"దాని కోసం ఇంకో హాగి కొంటాను" అన్నాడు మా ఆయన. "అలవాటవుతుంది. పిల్లలకి గుర్తుండదు."

 మర్నాడు పొద్దున్న పాలు కాచి, గోరువెచ్చగా చేసి, కాచిన గిన్నెతో సహా ఆయన ముందు పెట్టాను. "ఈ రోజు నువ్వు పట్టు. నేను కరివేపాకు దూసుకోవాలి" అని వంటింట్లో కూర్చున్నాను. కరివేపాకు గుప్పెడు కూడా లేదు. ఒక్కో ఆకే దూశాను.

ముందు ముద్దు మాటలు వినిపించాయి. తర్వాత ఏనుగు కప్పు నేల మీద పడ్డ చప్పుడు. తర్వాత స్టీలు గ్లాసు. మిషను గిన్నె పడితే చప్పుడు కూడా వేరుగా ఉంటుంది, పగిలింది. ఊడ్చుకున్నాడు. గిన్నెల గది తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. ఒక పెట్టె తాడు విప్పాడు, ఇంకొకటి విప్పాడు. ఒక దాని అంచు మందం, ఒకటి గరుకు, ఒకటి పాప పిడికిలికి పట్టలేదు. ఒక్కోదాన్ని అందించి, అది విసిరేలోపు కిందినుంచి అందుకుంటున్నాడు. "స్లో, స్లో, తల్లీ, ప్లీజ్" అంటున్నాడు. పాప ఏడుస్తోంది. అది వెతుకుతున్న గిన్నె వాటిల్లో లేదు, దాన్ని ఇచ్చేసింది ఈయనే.

పదకొండయింది. "డైపర్ ఎప్పుడు మార్చావ్?" అని హాల్లోంచి అడిగాడు.

"లేవగానే. చూడు."

చూశాడు. పొడిగా ఉంది.  నేను గుమ్మంలోకి వచ్చి చూస్తే, పాప పెదవులని వేలితో తాకి చూస్తున్నాడు. ఆయన మొహంలో అంతకుముందెప్పుడూ చూడనిది కనిపించింది. నాలుగు నెలల పాటు నేను ఒక్కదాన్నే పడ్డ భయం అది. ఆయనకి ఒక్క పూటకే అంటుకుంది. జాలి కలగలేదు నాకు. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడగాలనిపించింది.

ఫోన్ తీశాడు. స్పీకర్‌లో పెట్టాడు, పాప వొళ్లో ఉంది కాబట్టి.

"అన్నా, సారీ. నిన్న తను జోక్ చెయ్యలేదు."

"ఏంది?"

"ఆ గిన్నె. పాప నిజంగానే అందులోనే తాగుతుంది. పాలే. వేరే దేంట్లోనూ తాగట్లేదు. పొద్దుటి నుంచి ఏమీ తాగలేదు. గిన్నె వెనక్కివ్వు అన్నా. నీ బాటిల్ నేనే తెచ్చిస్తా."



"పాలా? నిజంగ పాలా?" అన్నాడు అన్న. గొంతు మారిపోయింది. "డెయిరీ పోసినవా రా హాగిల? ప్రోటీన్ మట్టిలకి పోతే కుళ్లుతది రా! అరె, నేను రాత్రి అందులనే తాగిన! అందుకేనా ఏదో వాసనొచ్చింది? నిగోరి అన్నవ్ గద నాకు!"

రాత్రి మబ్బులూ కొండలూ ఉన్న గిన్నె అది. వాటిల్లో ఒక్కటి కూడా కదల్లేదు. పాలు అన్న మాట వినగానే అవన్నీ ఒట్టి మురికైపోయాయి.

"నువ్వు రాకు. నేనే వస్తున్న. నా బాటిల్ ప్యాక్ చేసి రెడీ పెట్టు" అన్నాడు.

అరగంటలో వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. గిన్నెని వంటింట్లో వాడే జిప్ కవర్‌లో వేసి, కవర్ కొసని రెండు వేళ్లతో పట్టుకుని ఉన్నాడు. పెట్టె ఇంకో సంచిలో. "గ్రూప్‌ల పెట్టిన ఫొటోస్ డిలీట్ చేసిన" అని మా ఆయనతో అన్నాడు. "ఎవ్వరికి చెప్పకు."

నేను కవర్ అందుకున్నాను. పాప దూరం నుంచే చూసి రెండు చేతులూ చాపింది. వేడినీళ్లతో కడిగి పాలు పోసిచ్చాను. గటగటా తాగింది, ఊపిరి కూడా సరిగ్గా తీసుకోకుండా. "ఇంక" అంది. పోశాను. మళ్లీ "ఇంక" అంది.

మా ఆయన సీసా పట్టుకుని అన్న వెంట పార్కింగ్ దాకా వెళ్లాడు. ఇద్దరూ కారు పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. అన్న చేతులు తిప్పుతున్నాడు, ఈయన తల దించుకుని వింటున్నాడు. గ్రూపులోంచి తీసేస్తారేమోనని బెంగ కాబోలు. తిరిగొచ్చాక గదిలోకి వెళ్లి విప్పిన పెట్టెలన్నీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

పాప నా వొళ్లోనే నిద్రపోయింది. మధ్యాహ్నం దాటాక డైపర్ విప్పాను. తడిసి ఉబ్బి ఉంది. చుట్టగా చుట్టి వెంటనే పారెయ్యకుండా, అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. మంచి బరువుంది.